ముందు ఆ పట్టిక సరిచూడు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఆదివారం మల్లేశ్వరం వచ్చినప్పుడు నీ కొత్త పని గురించి అడిగావు. పిల్లల గోలలో సగమే చెప్పగలిగాను. మిగతా సగం రాస్తున్నాను.

బెంగళూరు పీణ్యలోని మీ ఫ్యాక్టరీలో అచ్చులు (మౌల్డులు), ట్రాలీలు ఎక్కడున్నాయో ఇప్పటికే ఉన్న వైఫై యాక్సెస్ పాయింట్లతోనే, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలతోనే, కనిపెట్టమన్నారు కదా. ముందుగా స్టోర్స్‌లో కూర్చునే పెద్దాయన దగ్గరకు వెళ్లు. అచ్చు ఏ షెడ్డులో ఉందో తెలిస్తే చాలునా, ఏ ర్యాకులో ఉందో కూడా తెలియాలా అని అడుగు. షెడ్డు చాలంటే నీ అదృష్టం. ర్యాకు కావాలంటే మాత్రం సిగ్నల్ బలాన్ని నమ్ముకుని మాట ఇవ్వకు. మామూలు ఆఫీసు గదుల్లోనే ఈ పద్ధతి కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. రేకుల కప్పు కింద, ఇనుప ర్యాకుల మధ్య తరంగాలు తగిలి తిరిగొస్తుంటాయి కనుక ఇంకా తడబడుతుంది.

పని జరిగే తీరు సులువే. యాక్సెస్ పాయింటు సెకనుకు దాదాపు పదిసార్లు తన చిరునామాను, అంటే తనను గుర్తుపట్టే ప్రత్యేక సంఖ్యను, దండోరా వేస్తుంది. అచ్చుకు తగిలించిన ట్యాగ్ అనే చిన్న పరికరం దాన్ని వింటుంది, అంతే. వినడానికి నెట్‌వర్క్‌లో చేరనక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఏయే చిరునామాలు ఎంత బలంగా వినిపించాయో సర్వర్‌కు పంపుతుంది. ఏ చిరునామా ఏ స్తంభం మీద ఉందో చెప్పే పట్టిక మీ దగ్గర ఉంటుంది. చోటు తేల్చేది ట్యాగ్ కాదు, ఆ పట్టిక.

ఇది నాకు తెలిసి వచ్చిన తీరు చెబుతాను. నేను పని చేసిన ఒక చోట గోడలకు రంగులు వేయడానికి యాక్సెస్ పాయింట్లన్నీ దింపారు. మళ్లీ బిగించేటప్పుడు రెండు తారుమారయ్యాయి. ఆ మర్నాటి నుంచి అచ్చులు క్యాంటీన్లో, క్యాంటీన్ బండ్లు అచ్చుల గదిలో కనిపించాయి. నేను నాలుగు రోజులు ట్యాగుల బ్యాటరీలు మారుస్తూ కూర్చున్నాను. చివరకు ఒక స్టోర్ కీపరే వచ్చి, "సార్, తప్పు కూడా ఇంత క్రమంగా ఉంటుందా?" అన్నాడు. అప్పుడు నిచ్చెన ఎక్కి చూశాను. అందుకే ప్రతి పెట్టె మీద దాని చిరునామా, స్తంభం నంబరు పెద్ద అక్షరాలతో అతికించు. ఎవరు దింపినా ముందు నీకు చెప్పాలని రాతపూర్వకంగా ఆదేశం తెచ్చుకో.

పట్టికలో ఇంకో చిక్కుంది. ఒకే పెట్టె ఆఫీసు నెట్‌వర్క్‌కు ఒకటి, అతిథులకు ఒకటి, మళ్లీ 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు వేరువేరుగా నాలుగు చిరునామాలు చాటవచ్చు. వాటిని ఒకే పెట్టెగా కట్టకపోతే ఒకే సాక్షి నాలుగు వేషాల్లో వచ్చి సాక్ష్యం చెప్పినట్టే. పట్టికలో లేని చిరునామాలను మాత్రం నిర్దాక్షిణ్యంగా వదిలెయ్. లారీ డ్రైవరు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని గేటు దాటితే నీ అచ్చు కూడా తుమకూరు రోడ్డెక్కినట్టు కనిపించకూడదు.

పెట్టెలన్నీ నడవ పొడవునా ఒకే వరుసలో ఉంటే ట్రాలీ కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో తేలదు. ఒకటి రెండింటిని మూలలకు జరిపించు. ట్యాగ్‌కు ఎక్కడున్నా కనీసం మూడు వినిపించాలి. పెట్టెలన్నిటినీ నడిపే కంట్రోలర్ తనంతట తాను సిగ్నల్ శక్తిని పెంచి తగ్గించే సదుపాయం ఉంటే, దాన్ని ఆపించి శక్తిని ఒకచోట స్థిరపరచమను; లేకపోతే నీ కొలతలు తప్పిపోతాయి. నెట్‌వర్క్ వాళ్లు గొణుగుతారు, గొణగనీ.

తర్వాత ఎక్కడ ఏ పెట్టె ఎంత బలంగా వినిపిస్తుందో షెడ్డంతా నడిచి కొలిచి చూడు. ఫోను చేత్తో పట్టుకుని కాదు, అసలు ట్యాగ్‌నే ట్రాలీ ఎత్తులో, ఇనుముకు ఆనకుండా కట్టి తిప్పు. ప్రతి చోటా కాసేపు ఆగి నాలుగు దిక్కులకూ తిప్పి చూడు. మనిషి ఒళ్లంతా నీరే, నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మింగేస్తుంది. ఖాళీ షెడ్డులో ఆదివారం కొలిచిన లెక్క సోమవారం షిఫ్టులో పనికిరాదు. ఫోర్క్‌లిఫ్టులు తిరిగే వేళే వెళ్లు, హెల్మెట్ మరచిపోకు.

సిగ్నల్ ప్రయాణ సమయాన్ని కొలిచి ఒకటి రెండు మీటర్ల దాకా చెప్పే పద్ధతి 2016 నాటి వైఫై ప్రమాణంలో వచ్చింది. దానికి పెట్టె, ట్యాగ్ రెండూ సిద్ధంగా ఉండాలి. మీ పాత పెట్టెలకు అది ఉందో లేదో చూడకుండా ఎవరికీ ఆశ పెట్టకు.

ఒక్కటి మాత్రం నా పట్టుదల. ట్యాగులు ట్రాలీలకే ఉండాలి, మనుషులకు వద్దు. ట్రాలీ ఆగిన చోటును బట్టి తోసేవాడి టీ సమయం లెక్కపెడతామని ఎవరైనా పైవారు అంటే, నువ్వే ముందు అడ్డుచెప్పు. పని మొదలుపెట్టే ముందే కార్మికులకు విషయం చెప్పు.

వచ్చే ఆదివారం షెడ్డు ప్లాను కాగితం మీద తీసుకురా, మెట్రోలోనే రా. రంగులు వేసేవాళ్లు మళ్లీ ఎప్పుడు వస్తారో కూడా కనుక్కుని రా.

ఇట్లు,
మామయ్య