పాత కెమెరాతో తేనెపిట్ట

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ కంప్యూటర్లో పెద్దవి చేసుకుని చూశాను. మందార చెట్టు ఉంది, ఆకాశం ఉంది, మధ్యలో ఒక నల్ల చుక్క ఉంది. ఆ చుక్కే తేనెపిట్ట అని నువ్వు రాస్తే తెలిసింది. "కెమెరా పాతదైపోయింది పెదనాన్నా, కొత్తది కొనమంటావా?" అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా. నీ నికాన్ డీ90 కెమెరా 2008లో వచ్చిన మాట నిజమే. పన్నెండు మెగాపిక్సెల్సే, ఇప్పటి ఫోన్ల ముందు ఆ లెక్క చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దానికి గిట్టనివి రెండే, దూరం, చీకటి. పిట్టని దగ్గరికి, వెలుతురులోకి తెచ్చావంటే మంచి బొమ్మ ఇస్తుంది.

నువ్వు ఫోన్లో చూస్తున్న హమ్మింగ్ బర్డ్ వీడియోల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నీకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. ఆ పిట్ట మన దేశంలో లేదు. అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. మీ అక్క దగ్గరికి హ్యూస్టన్ వెళ్ళినప్పుడు సెప్టెంబరులో రోజూ చూసేవాణ్ణి. గొంతు దగ్గర కెంపు రంగు, ఒంటి బరువు మూడు గ్రాములు. చలికాలానికి దక్షిణానికి పోతూ దారిలో ఆగేవి. ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి, రంగు వేయకుండా, సీసాలో పోసి వేలాడదీసేవాళ్ళం. అది గాల్లోనే నిలబడి తాగుతుంది. రెక్కలు సెకనుకి యాభై సార్లు ఆడతాయి, షట్టర్ 1/2000, అంటే సెకనులో రెండువేలవ వంతు పెట్టినా మసకే. చివరికి వరండా నీడలో, ఐఎస్ఓ (వెలుతురు పట్టే శక్తి) 200, లెన్స్ కన్నం ఎఫ్/11 (అంకె పెరిగితే కన్నం చిన్నది), షట్టర్ 1/200 పెట్టి, ఫ్లాష్‌ని సీసాకి మూడడుగుల దూరంలో నిలబెట్టి, పవర్ పదహారో వంతుకి తగ్గించాను. అంత తగ్గిస్తే ఫ్లాష్ వెలిగేది సెకనులో పదివేలవ వంతే. చుట్టూ చీకటి కాబట్టి ఆ మెరుపులో కనబడిందే ఫోటోలో పడుతుంది. రెక్క మీద ఈకలు లెక్కపెట్టుకునేలా వచ్చింది. అదీ పాత ఫ్లాష్‌తోనే.

మన తేనెపిట్టకి ఇదంతా అక్కర్లేదు. ఇది కాడ పట్టుకుని కూచుని, ముక్కు పూవులో పెట్టి తాగుతుంది. గాల్లో నిలబడటం ఎప్పుడో ఒక్క క్షణమే. పాత కెమెరా ఉన్నవాళ్ళకి ఇంతకంటే అనుకూలమైన పిట్ట లేదు.

నువ్వు మేడ మీద నుంచి, ముప్పై నలభై అడుగుల దూరంలో తీశావు. పిట్ట పొడవు పది సెంటీమీటర్లు. నీ దగ్గరున్న 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌ని 300 దాకా లాగినా అంత దూరంలో అది చుక్కే. అదే లెన్స్‌తో రెండున్నర మీటర్ల నుంచి తియ్యి, ఫ్రేములో సగం నిండుతుంది. మీటరున్నర దాకా ఆ లెన్స్ ఫోకస్ అవుతుంది కూడా. మరి అంత దగ్గరికి పిట్ట రావాలంటే? నువ్వు దాని వెనక వెళ్ళకూడదు. రేపు పొద్దున్న కెమెరా లోపల పెట్టేసి, ఒక కుర్చీ వేసుకుని ఊరికే చూడు. మా పెరట్లో ఒకటి వచ్చిన ప్రతిసారీ ముందు ఎండిన జామకొమ్మ మీద వాలేది. ముక్కుని కొమ్మకి అటొకసారి ఇటొకసారి రాసుకుని, "చివిట్" అని అరిచి, అప్పుడు నూరువరహాల గుత్తి మీదికి దిగేది. నాలుగు రోజులు చూశాక ఫోకస్ ఆ జామకొమ్మ మీద ముందే పెట్టుకుని కూచోవడం నేర్చుకున్నాను.

మీ ఇంటికి వంటగది కిటికీ బాగుంటుంది. కిటికీకి పాత చీర కట్టి, లెన్స్ పట్టేంత కన్నం వదులు. స్టాండ్ కొనకు, గుడ్డసంచిలో ఊక పోసి కుట్టి పంపుతాను, దాన్ని కిటికీ గట్టు మీద వెయ్యి, లెన్స్ దాని మీద కదలకుండా ఆనుతుంది. కిటికీకి రెండున్నర మీటర్లలో పూలకుండీలు సర్దు. నూరువరహాలు, కనకాంబరాలు, మందారం ఎలాగూ ఉన్నాయి. కడియం నర్సరీలకి వెళ్తే ఫైర్ బుష్ అని అడుగు, సన్నటి ఎర్రగొట్టాల్లాంటి పూలు గుత్తులుగా పూస్తుంది. అమెరికాలో హమ్మింగ్ బర్డ్‌లు తాగే మొక్కే అది, ఇక్కడ తేనెపిట్టలు దాన్ని వదలవు. పంచదార నీళ్ళు మాత్రం పెట్టకు. మన ఉక్కకి ఇట్టే పులుస్తాయి, చీమలు పడతాయి. అరటిపువ్వు, మునగపూత ఉన్న ఊళ్ళో దానికి సీసా ఎందుకు?

కుండీల వెనక ఏముందో చూసుకో. నీ ఫోటోల్లో వెనక కొబ్బరాకుల సందుల్లోంచి తెల్లటి ఆకాశం. అలాంటి చోట ఏ కెమెరా అయినా పిట్టని నల్లగానే చూపిస్తుంది. వెనకాల అరటి చెట్లు గానీ, నీడలో ఉన్న గోడ గానీ ఉండాలి. ఇంకో సంగతి, మగపిట్ట మీద మెరిసే ఆ ఊదా, నీలం రంగు పూసినట్టు ఉండేది కాదు. నెమలి పింఛంలో లాగా ఈక మీద వెలుతురు పడి తిరిగి మన కంటికి వస్తేనే అది రంగు, లేకపోతే నలుపు. ఎండ నీ వీపు మీద పడేలా, పిట్ట మొహాన పడేలా ఉండాలి. అంటే పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకే. ధనుర్మాసంలో మంచు పట్టిన రోజుల్లో ఎండ పొడిచేదాకా ఆగు. వానాకాలం పోయాక ఛాతీ మీద ఒకే నల్లగీత ఉండి మిగతాదంతా పసుప్పచ్చగా ఉన్న పిట్ట కనిపిస్తే వేరే జాతి అనుకోకు. ఆ మగదే, ఈకలు మార్చుకుంది.

కెమెరా డయల్‌ని 'A' అక్షరం మీద ఉంచి (కన్నం మనం పెడితే షట్టర్ అదే చూసుకుంటుంది) ఎఫ్/8, ఐఎస్ఓ 800 పెట్టు. షట్టర్ 1/500 కంటే తగ్గకుండా చూసుకుంటే చాలు. ఐఎస్ఓ 1600 దాకా పోవచ్చు గానీ నీడల్లో గరుకు కనిపిస్తుంది. ఫోకస్ పాయింట్లు పదకొండు ఉన్నా మధ్యదే గట్టిది, దాన్నే కంటి మీద పెట్టు. అంత దగ్గర్లో ఫోకస్ పట్టే మందం రెండు సెంటీమీటర్లే, అందుకని పిట్ట పక్కకి తిరిగినప్పుడే నొక్కు. అప్పుడు ముక్కు కొస నుంచి తోక దాకా ఒకే దూరంలో ఉంటుంది. వేలు నొక్కిపెట్టి ఉంచకు, మూడు నాలుగు చొప్పున తీసి ఆగు. కార్డు 32 జీబీ దాటింది కొనకు, ఆ కెమెరా అంతకంటే పెద్దది తీసుకోదు.

మీ నాన్న స్కూటర్ అద్దాలకి పొద్దున్నే గుడ్డ కట్టెయ్. మగపిట్ట అద్దంలో తన నీడనే ఇంకో మగపిట్ట అనుకుని గంటల తరబడి పొడుస్తుంది. అది ఫోటోకి చాలా సులువు, నాకు తెలుసు. కానీ దానికి ప్రాణం మీదికొచ్చే అలసట.

గూడు కనిపిస్తే మాత్రం కెమెరా తియ్యకు. నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. మన పాత ఇంట్లో దండెం తీగకి సాలెగూడు దారాలతో, ఎండుటాకు ముక్కలతో అల్లిన గూడు వేలాడుతూ ఉండేది, లోపల రెండు పిల్లలు. పక్కనే ఉన్న బోగన్‌విల్లా కొమ్మ అడ్డమొస్తోందని దాన్ని వెనక్కి లాగి కట్టాను. తల్లి పురుగు తెచ్చి పెడుతున్న ఫోటో చాలా బాగా వచ్చింది. భోజనం చేసి వచ్చేసరికి కాకి గూడు చింపేసింది. తల్లి సాయంత్రం దాకా తీగ చుట్టూ అరుస్తూ తిరిగింది. కట్టిన తాడు నేను అప్పటికీ విప్పలేదు. ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు.

చివరగా లెన్స్ సంగతి. మన గోదావరి తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది, సాలెపురుగు కాళ్ళలా సన్నగా పాకుతుంది. నా రెండు లెన్సులు బీరువాలో తోలుసంచిలో పెట్టి పాడుచేసుకున్నాను. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టు. వారానికొకసారి బయటికి తీసి వాడు, టార్చి వేసి లోపల చూడు. బియ్యంలో మాత్రం పెట్టకు, పొడి లోపలికి పోతుంది.

ఆదివారం మీ పెద్దమ్మ పాలకొల్లు వస్తోంది. సిలికా ప్యాకెట్లు, ఊకసంచి ఆమెతో పంపుతున్నాను. కార్డు తన చేతికివ్వు, తీసినవన్నీ ఉండనీ, ఒక్కటి కూడా చెరపకు. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ చూద్దాం.

మీ పెదనాన్న