వేగంగా తిరగాలంటే ముందు ఆగడం రావాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 15 ఏళ్లు. హైస్కూల్ కబడ్డీ జట్టులో ఆడుతుంది. కూతకు పోయి వెనక్కి తిరిగేటప్పుడు కుడి మోకాలు లోపలికి వాలుతోంది. నొప్పి, వాపు లేవు. వేగం పెరగాలని పీఈటీ సార్ రోజూ కోన్ల మధ్య పరుగెత్తిస్తున్నారు. మోకాలికి తొడిగే సాగే పట్టీ (నీ-క్యాప్) వేస్తే సరిపోతుందా?
- ఒక తండ్రి, గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: ముందు అమ్మాయినే ఒక మాట అడగండి. మోకాలు వాలడం మీకు కనిపిస్తోందా, లేక కాలు పట్టు తప్పినట్టు తనకే అనిపిస్తోందా? రెండోదైతే ఆట ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. కేవలం కనిపిస్తుంటే అది ఆగే పద్ధతిలో లోపం. నేర్పితే పోతుంది, క్యాప్‌తో పోదు.

మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ ఉంటుంది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపేది అదే. ఎవరూ తగలకపోయినా, తిరిగేటప్పుడో దూకి దిగేటప్పుడో ఇది తెగడం ఎక్కువ. మోకాలు సరిగా వంగకుండా, పాదం ఒంటికి దూరంగా పడి, నడుము పైభాగం ఆ కాలి వైపే ఒరిగితే మోకాలు లోపలికి వాలుతుంది. ఈ వయసు అమ్మాయిల్లో ముప్పు అబ్బాయిల కన్నా ఎక్కువ.

తప్పు కనిపించేది చివరి అడుగులో. పుట్టేది దాని ముందు అడుగులో. వేగాన్నంతా చివరి అడుగులోనే ఆపబోతే భారమంతా ఒక్క మోకాలి మీద పడుతుంది. చివరి రెండు మూడు అడుగులు చిన్నవిగా వేసి, తుంటి దించి, తిరగబోయే ముందు అడుగుకే వేగం చాలావరకు చంపాలి.

అందుకే రెండు వారాలు కోన్లు పక్కన పెట్టమనండి. 5 మీటర్లు ఓ మోస్తరుగా పరుగెత్తి, మూడడుగుల్లో ఆగి, ముందు కాలి మోకాలు వంచి రెండు సెకన్లు కదలకుండా నిలవాలి. ఆ మోకాలు పాదం రెండో వేలి వరుసలోనే ఉండాలి. ఒక్కో కాలికి 5 సార్లు. ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, వంద మాటల కన్నా అదే త్వరగా ఎక్కుతుంది. ఇది కుదిరాక 45 డిగ్రీల మలుపు, తర్వాత 90, ఆపైనే కబడ్డీకి కావలసిన పూర్తి వెనుదిరుగుడు. ఎటు తిరగాలో చివరి క్షణంలో చేత్తో సైగ చేసి చెప్పే సాధన అన్నిటికన్నా ఆఖరున.

వారానికి రెండు మూడు రోజులు, రోజుకు 20-30 మలుపులు చాలు. ఒక్కోదాని మధ్య నిమిషం విరామం ఇవ్వాలి. వార్మప్ కాగానే చేయించాలి. చాలా చోట్ల ప్రాక్టీసు చివర్లో పెడతారు, అలసిన కాలు పాత తప్పే చేస్తుంది.

తొడ వెనక కండరాల బలానికి: మోకాళ్ల మీద నిలబడితే ఒకరు మడమలు పట్టుకోవాలి, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. 3-5 సార్లు, రెండు సెట్లు, వారానికి రెండుసార్లు. మొదట్లో రెండు రోజులు తొడలు పట్టేస్తాయి, కంగారు వద్దు.

నేల సంగతీ చూడాలి. మన గరుసు గ్రౌండులో కాలు జారుతుంది. అదే పిల్ల కొత్త బూట్లతో మ్యాట్ మీదికి దిగితే పాదం అతుక్కుపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యన మోకాలు మెలిపడుతుంది. పోటీకి ముందు నాలుగైదు రోజులైనా మ్యాట్ మీద తిరగనివ్వండి.

ఎప్పుడైనా మోకాల్లో 'టప్'మని చప్పుడై కొద్ది గంటల్లోనే వాస్తే నూనె మర్దన, నాటుకట్టు జోలికి పోవద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు పెట్టి, కాలు మోపనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాపు తగ్గింది కదా అని మళ్లీ కూతకు పంపితే మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) కూడా చిరగొచ్చు.