ల్యాప్‌టాప్‌లో నడిచే బైనరీ ల్యాబ్‌లో ఎందుకు నడవట్లేదు?

ప్రశ్న: హనుమకొండలో ఫైనలియర్ ప్రాజెక్ట్. ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్, కాలేజీ ల్యాబ్‌లో 20.04 మీద ‘జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్’ అంటున్నది. బిల్డ్ ఫోల్డర్ గిట్‌లోనే ఉంది, ఇప్పుడు గిట్‌హబ్ పుష్ కూడా తీసుకుంటలేదు.

జవాబు: తమ్ముడూ, రెండు తిప్పలకూ మూలం ఒక్కటే. బిల్డ్ చేసే చోటు, బయటికిచ్చే బైనరీ (బిల్డ్ అయినంక నడిచే ఫైల్) కలగలిసిపోయినయ్.

జీలిబ్‌సీ అంటే ఉబుంటులో దాదాపు ప్రతి ప్రోగ్రామ్ ఆధారపడే మూల సీ లైబ్రరీ. 22.04లో జీలిబ్‌సీ 2.35 ఉంటది, 20.04లో 2.31. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాని మీద నడుస్తది గానీ, అటుది ఇటు నడవదు. 2.34లో ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే సింబల్‌కే (లైబ్రరీలోని ఫంక్షన్ పేరు) కొత్త వెర్షన్ పడింది, అందుకే హలో వరల్డ్‌కైనా ఇదే ఎర్రర్. ల్యాబ్ మెషీన్‌లో జీలిబ్‌సీ మార్చే సాహసం మాత్రం చెయ్యకు, సిస్టమే లేవకుండ పోవచ్చు.

డాకర్‌లో (వేరే సిస్టమ్ వాతావరణాన్ని నీ మెషీన్‌లోనే నడిపే టూల్) ఉబుంటు 20.04 ఇమేజ్ పెట్టి బిల్డ్ అందులో చెయ్. సోర్స్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చెయ్, బిల్డ్‌కు వేరే ఫోల్డరియ్యి. సోర్స్‌లో చాటుగా రాసే స్క్రిప్ట్ ఏదన్నా ఉంటే అక్కడికక్కడే పట్టుబడుతది. డాకర్‌కు నీ యూజర్ ఐడీ ఇయ్యకపోతే ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పడతయ్. ఇదివరకు సోర్స్‌లోనే సీమేక్ (బిల్డ్‌ను సిద్ధం చేసే టూల్) నడిపి ఉంటే, సీమేక్‌క్యాష్ ఫైల్ ముందు తీసెయ్. అది ఉన్నన్ని రోజులు బిల్డ్ ఫోల్డర్‌లకెళ్లి ‘సీమేక్ ..’ కొట్టినా పాత చోటే బిల్డ్ అయితది.

బిల్డ్ ఫోల్డర్‌లోని బైనరీని నేరుగా పెన్‌డ్రైవ్‌కు కాపీ చెయ్యకు. నీ సొంత షేర్డ్ లైబ్రరీ ఉంటే, దాని దారి నీ ల్యాప్‌టాప్ పాత్‌తో సహా బైనరీలో రాసి ఉంటది (‘రీడెల్ఫ్ -డీ’ కొట్టి రన్‌పాత్ లైన్ చూడు). నీ దగ్గర నడుస్తది, ల్యాబ్‌లో లైబ్రరీ దొరకదు. సీమేక్ ఫైల్‌లో ఇన్‌స్టాల్ లైన్లు, ఆరిజిన్‌తో (బైనరీ ఉన్న ఫోల్డర్ అని అర్థం) మొదలయ్యే ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ (లైబ్రరీని వెతికే దారి) రాసి, ‘సీమేక్ --ఇన్‌స్టాల్’తో వేరే ఫోల్డర్‌లోకి దించు. 20.04లోని సీమేక్ 3.16కు ఇది వస్తది. ల్యాబ్‌కు ఆ ఫోల్డరే తీస్కపో.

ఇక గిట్. ఇగ్నోర్ ఫైల్‌లో బిల్డ్ రాస్తే ఇప్పటికే ట్రాక్ అయినవి పోవు, ‘గిట్ ఆర్‌ఎం -ఆర్ --క్యాష్డ్’ కొట్టాలె. అయినా పుష్ ఆగుతది, ఎందుకంటే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను పాత కమిట్‌లో ఉన్నా ఒప్పుకోదు. ‘గిట్ ఫిల్టర్-రెపో’తో హిస్టరీలకెళ్లి బిల్డ్ ఫోల్డర్‌ను తీసెయ్. అది ఆరిజిన్ రిమోట్‌ను (గిట్‌హబ్ రెపో చిరునామా) కూడా తీసేస్తది, మళ్లీ కలుపుకో. టీమ్‌లో అందరూ కొత్తగా క్లోన్ చేసుకోవాలె. ఒక్కరు పాత క్లోన్‌లో మెర్జ్ చేసి పుష్ కొట్టినా చెత్తంతా తిరిగొస్తది.