మొక్కల జెనెటిక్స్‌లో తిండి పుడుతుందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, చెనిక్కాయ సేద్యం. అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. నీట్ వద్దంటోంది. మొక్కలు తరతరాలుగా నేలకీ ఎండకీ తగ్గట్టు ఎలా మారతాయో పరిశోధన చేస్తుందట. ఇందులో తిండి పుడుతుందా సార్? – ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: పుడుతుంది, కాకపోతే ఆలస్యంగా. ఇంటర్ తర్వాత ఐదేళ్ల చదువు, ఆపైన పీహెచ్‌డీకి ఇంకో ఐదారేళ్లు. ఇది ముందే తెలిసి దిగితే టెన్షన్ తక్కువ. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలిస్తారు, ఇంటద్దె భత్యం వేరే.

ఆ పరిశోధన ఎలా ఉంటుందంటే, గుట్ట మీద గడ్డి పొట్టిగా, చెరువు కట్ట కింద అదే గడ్డి ఏపుగా ఉంటుంది కదా. తేడా నేలదా, విత్తనానిదా? రెండు చోట్ల గింజలూ తెచ్చి ఒకే మడిలో, ఒకే నీటితో పెంచుతారు. తల్లిమొక్క బలం గింజకు అంటి ఉండొచ్చని ఇంకో తరం కూడా పెంచి చూస్తారు. అప్పటికీ తేడా పోకపోతే అది వంశంలో ఉన్నట్టే. ఇక ఏ జన్యువులో ఉందో డీఎన్‌ఏలో వెతుకుతారు. నెలల తరబడి ఆకులు కొలవాలి, గింజలు లెక్కపెట్టాలి. చాలామంది ఇక్కడే విసిగిపోతారు.

మీ చెనిక్కాయకీ ఇందులో చోటుంది. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిన పంట అది. ఒక్కోదాని 20 క్రోమోజోములు (జన్యువులుండే పోగులు) చేరి 40 అయ్యాయి. తిక్క తెగులును (ఆకుమచ్చ) తట్టుకునే గుణం దాని అడవి చుట్టాల్లో దొరుకుతుంది, పంటలోకి తెచ్చే పనీ జరుగుతోంది. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, కదిరి పరిశోధన స్థానం వంటి చోట్ల ఇలాంటి చదువు అక్కరకొస్తుంది.

దగ్గర్లో మంచి దారి తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ), ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. బైపీసీ వాళ్లూ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. నీట్‌కు చదివిన ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అక్కడా పనికొస్తాయి కాబట్టి నీట్ కూడా రాయించండి, పోయేదేం లేదు. సీటు రాకపోతే డిగ్రీ చేసి అనంతపురం ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) బోటనీ ఎంఎస్సీ, లేదా కడప యోగి వేమన యూనివర్సిటీలో జెనెటిక్స్.

అసలు చిక్కు లెక్కలతో. ఐసర్ పరీక్షలో నాలుగో వంతు అవే. ఈ పరిశోధనలో స్టాటిస్టిక్స్, కంప్యూటర్ లేకుండా అడుగు పడదు. బైపీసీ పిల్లల్లో సగం మంది లెక్కలకు భయపడే ఆ గ్రూపులో చేరారని నా అనుమానం! ఎంపీసీ పుస్తకం తెప్పించి సంభావ్యత అధ్యాయం చేయమనండి. ఇష్టంగా చేస్తే ఐసర్‌కు పంపండి. మొహం చిట్లిస్తే అగ్రికల్చర్ బీఎస్సీ మేలు. విత్తన కంపెనీల్లో ఉద్యోగం త్వరగా వస్తుంది, కావాలంటే తర్వాత బ్రీడింగ్‌లో (కొత్త వంగడాల తయారీ) ఎంఎస్సీ చేయొచ్చు.