రాత్రికి రాత్రి సైనిక పాలన మన దగ్గర పెట్టవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి సియోల్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. 2024 డిసెంబర్ 3న సాయంత్రం ఏడింటికి, అక్కడ సైనిక పాలన పెట్టారని టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. వాడి ఫోన్ కలిసేదాకా నాకు ప్రాణం నిలవలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. మన దేశంలో కూడా పెద్ద పదవిలో ఉన్నవాళ్లు ఒక రాత్రి టీవీలో కనిపించి అలా ప్రకటించేయవచ్చా? తిరుపతిలో తరచూ ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అంటుంటారు, అదీ అలాంటిదేనా? మనిషిని పట్టుకుపోతే ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు టీవీలో చూసే సరికి అక్కడ రాత్రి పదిన్నర. దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ ప్రకటన చేసిన వెంటనే సైన్యం పేరుతో ఒక ఉత్తర్వు వచ్చింది. రాజకీయ కార్యకలాపాలన్నీ బంద్, పత్రికలు, టీవీలు సైన్యం అదుపులో, విధులకు దూరంగా ఉన్న డాక్టర్లు 48 గంటల్లో తిరిగి రావాలి. హెలికాప్టర్లలో దిగిన సైనికులు పార్లమెంటు కిటికీలు పగలగొట్టి లోపలికి వెళ్లారు. సభ్యులు గోడలు దూకి సభకు చేరారు, స్పీకర్ కూడా గోడ ఎక్కే వచ్చారు. ఒంటి గంట దాటగానే, 300 మందిలో హాజరైన 190 మందీ రద్దు చేయమని ఓటేశారు. తెల్లవారుజామున నాలుగున్నరకు మంత్రివర్గం దాన్ని ఎత్తేసింది.

ఇందులో సభ్యుల ధైర్యం ఎంతో, చట్టం చేసిన సాయమూ అంతే. సభలోని మొత్తం సభ్యుల్లో సగానికి మించి అడిగితే అధ్యక్షుడు సైనిక పాలన తీసేయాల్సిందేనని వాళ్ల రాజ్యాంగం 77వ అధికరణం చెబుతోంది. 151 ఓట్లు చాలు. ఆ ఒక్క వాక్యం చేతిలో లేకపోతే, గోడ దూకి లోపలికి వెళ్లినవాళ్లు ఏం చేయగలిగేవాళ్లు? 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది ఏకాభిప్రాయంతో యూన్‌ను పదవి నుంచి తొలగించింది. సైనిక పాలన పెట్టేంత పరిస్థితే లేదని, మంత్రివర్గ సమావేశం కూడా సరిగా జరగలేదని చెప్పింది.

ఇక మన సంగతి. మన రాజ్యాంగంలో ‘సైనిక శాసనం’, అంటే ఈ సైనిక పాలన, అన్న మాట 34వ అధికరణంలో వస్తుంది. ఏదైనా ప్రాంతంలో అది అమలైతే, అప్పుడు శాంతిభద్రతల కోసం చేసిన పనులకు పార్లమెంటు తర్వాత చట్టం చేసి రక్షణ ఇవ్వవచ్చని మాత్రమే అందులో ఉంది. దాన్ని ప్రకటించే అధికారం ఫలానా వారిదని ఎక్కడా రాయలేదు. 1919లో పంజాబ్‌లో తెల్లవాళ్లు పెట్టిన సైనిక శాసనాన్ని చూసిన తరం రాసుకున్న రాజ్యాంగం ఇది.

మన దగ్గర భయపడాల్సింది ఆ పేరుకు కాదు, 352వ అధికరణానికి. అదే ఎమర్జెన్సీ. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం పెట్టేశారు, మంత్రివర్గానికి తెలిసింది మర్నాడు పొద్దున. సియోల్ కోర్టు తప్పుబట్టిన పని మన దగ్గర యాభై ఏళ్ల కిందటే జరిగిందన్నమాట. జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకు వెళ్తే, ఎమర్జెన్సీలో ఆ హక్కు లేదని 1976లో సుప్రీంకోర్టు ఐదుగురిలో నలుగురు తీర్పిచ్చారు. కాదన్నది ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది. వకీలుగా నాకు ఇప్పటికీ బాధ కలిగించే తీర్పు అది.

దాన్ని సరిచేసింది 44వ సవరణ. ఆమోదిస్తూ సంతకం పెట్టింది మన రాయలసీమ మనిషి, అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. ఇప్పుడు కేబినెట్ నిర్ణయం కాగితం మీద రాసి పంపితేనే రాష్ట్రపతి ప్రకటించాలి. ‘అంతర్గత అలజడి’ అంటే కుదరదు. యుద్ధం, విదేశీ దాడి, సాయుధ తిరుగుబాటు ఉండాలి. ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణం, అంటే ప్రాణం, స్వేచ్ఛల హక్కు, ఆగిపోదు. కోర్టు తలుపు మూసేయలేరు.

అయినా ఒక లోటు ఉందని నా అభిప్రాయం. పార్లమెంటు ఆమోదం లేకుండా కూడా ప్రకటన ఒక నెల నిలుస్తుంది. లోక్‌సభ మామూలు మెజారిటీతో దాన్ని రద్దు చేయించగలదు. అందుకు పదో వంతు సభ్యులు, అంటే కనీసం 55 మంది నోటీసు ఇస్తే ప్రత్యేక సమావేశం పెట్టాలి. దానికి గడువు 14 రోజులు. కొరియాలో రెండున్నర గంటల్లో జరిగిన ఓటింగ్ మన దగ్గర రెండు వారాలు ఆగవచ్చు. ఆ గడువు తగ్గించాలని గట్టిగా అనుకునేవాళ్లలో నేనొకణ్ని.

సెక్షన్ 30 సంగతికి వస్తే, అది 1861 నాటి పోలీసు చట్టంలోది. ఊరేగింపులు, సభలు ఎలా జరగాలో చెప్పడానికి, అనుమతి తీసుకోమనడానికి మాత్రమే. సైన్యానికి దానితో సంబంధం లేదు. దాని పేరుతో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 1ని మన హైకోర్టు 2023 మేలో కొట్టేసింది. గుంపులుగా చేరొద్దంటూ జనం ఇంకా ‘144’ అంటున్నది ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163వ సెక్షన్. మెజిస్ట్రేట్ ఇచ్చే ఆ ఆర్డర్ మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. కాగితం మీద ఉండాలి, జనానికి తెలిసేలా ప్రకటించాలి. ఎవరైనా అడ్డుకుంటే ఆ ఆర్డర్ కాపీ అడగండి. ఎన్నికలప్పుడు వీధుల్లో కవాతు చేసే సీఆర్‌పీఎఫ్ కూడా సైన్యం కాదు. అల్లర్లు అదుపు తప్పి మెజిస్ట్రేట్ నిజంగా సైన్యాన్ని పిలిచినా, వీలైనంత తక్కువ బలం వాడాలనే చట్టం చెబుతోంది.

మన దగ్గర మనిషిని పట్టుకుపోతే, ఎందుకో అతనికి చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పెట్టకపోతే అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్, వేయవచ్చు. వకీలు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, మన కోర్టులోని న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం అందుతుంది.

మీ అబ్బాయి విషయంలో మాత్రం అక్కడి చట్టమే నడుస్తుంది. కానీ విదేశంలో అరెస్టయితే తన దేశ ఎంబసీకి కబురు చేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం కింద అతనికి ఉంది. ఆ మాట ఇప్పుడే చెప్పి ఉంచండి. సియోల్‌లోని భారత ఎంబసీలో పేరు నమోదు చేసుకోమనండి. ఎంబసీ ఎమర్జెన్సీ నంబరు, పాస్‌పోర్టు, వీసా జెరాక్స్‌లు మీ ఇంట్లో ఒక కవర్లో పెట్టుకోండి. ఈసారి ఫోన్ కలవకపోతే ముందు ఆ నంబరుకు చేయండి.