మీ అల్మరాలోకి తొలి 120 పుస్తకాలు

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. మీ అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి లైబ్రరీ పుస్తకాలకని 50,000 రూపాయలు పోగుచేసి, కమ్యూనిటీ హాల్లో రెండు గాజు అల్మరాలు పెట్టించారని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. 31 ఏళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనదాన్ని. పుస్తకాల కోసం జనమే చందాలు వేసుకోవడం నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను.

నీ లిస్టులో 280 పుస్తకాలున్నాయి. అన్నీ మంచివే. కానీ తల్లీ, అవన్నీ నీకు నచ్చినవి. మీ మెట్లెక్కి దిగే మిగతా జనం అందులో నాకు కనపడలేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కొత్త పుస్తకాలకి పేర్లు రాసివ్వమని నన్ను అడిగారు. పరవశించిపోయి సాహిత్య విమర్శ, కావ్యాలు, లావుపాటి నవలలు ఏరి ఏరి రాసిచ్చాను. వచ్చాయి. అట్టలు వేసి, నంబర్లు రాసి, స్టాంపులు కొట్టి ముందు వరసలో పెట్టాను. మరుసటేడు స్టాక్ చూస్తుంటే, చాలా పుస్తకాల్లో, ఎవరైనా తీసుకెళ్లినప్పుడల్లా తేదీ స్టాంపు వేయడానికి అతికించిన చీటీ తెల్లగా ఉంది. ఒక్క స్టాంపు పడలేదు. వెనక వరసలో ఉన్న డిటెక్టివ్ నవలలకేమో చీటీ మీద చీటీ అతికించాల్సి వచ్చింది.

మా లైబ్రరీ ఎదురుగా రిక్షా స్టాండు ఉండేది. అక్కణ్ణించి ఒకాయన రోజూ మధ్యాహ్నం వచ్చి కొమ్మూరి సాంబశివరావు నవలలు అడిగేవాడు. ఉన్నవన్నీ చదివేశాడు. "కొత్తవి తెప్పించండమ్మా" అంటే, ఇంతకంటే మంచిది చదవమని ఒక గొప్ప నవల చేతిలో పెట్టాను. మూడో రోజు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. రెండు నెలలు మళ్లీ రాలేదు. ఆ నవల నచ్చనందుకు నాకు బాధ లేదు. ఇక్కడ మనకేమీ లేదు అనుకుని వెళ్లాడు చూశావా, అది నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా పనిచేసిన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అనేవి అందులో రెండు. సర్టిఫికెట్ కోర్సులో అవి బట్టీపట్టి పరీక్ష రాశాను. అర్థమైంది మాత్రం ఆ రిక్షా ఆయన వల్ల. తర్వాత డిటెక్టివ్ నవలలు తెప్పించాను, కబురు పంపాను, వచ్చాడు. నేను రిటైరయ్యే దాకా మన ఊళ్లో ఎక్కడ కనిపించినా పలకరించేవాడు. చివరిదాకా డిటెక్టివ్ నవలలే చదివాడు. ఆ పుస్తకాల నుంచి "పైకి" ఎదగాలని ఏమీ లేదమ్మా. రోజంతా రిక్షా తొక్కిన మనిషి గంటసేపు ఇష్టంగా చదువుకున్నాడు. లైబ్రరీ పెట్టింది అందుకే.

కాబట్టి పుస్తకాల లిస్టు పక్కన పెట్టి మనుషుల లిస్టు రాయి. రెండు ఆదివారాలు తిరుగు. "మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని మాత్రం అడక్కు. మొహమాటానికి పెద్ద పెద్ద పేర్లు చెప్తారు. "ఈ మధ్య మొదటినుంచి చివరిదాకా చదివింది ఏది?" అని అడుగు. "చిన్నప్పుడు మీ ఇంటికి ఏ పత్రిక వచ్చేది?" అని అడుగు. ఆ రెండో ప్రశ్నకి ముసలివాళ్ల ముఖాలు విచ్చుకుంటాయి. వాచ్‌మన్‌నీ, అతని పిల్లల్నీ, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లనీ కూడా అడుగు. వాళ్లకి మెంబర్‌షిప్ ఇవ్వకూడదని కమిటీలో ఎవరైనా అంటే ఆ ఒక్క విషయంలో తగ్గకు. కావాలంటే నేనొచ్చి మాట్లాడతాను.

డబ్బంతా ఒకేసారి ఖర్చు పెట్టొద్దు. మొదట 20,000 తీయి. తెలుగు పుస్తకం సగటున 150, 200 రూపాయల మధ్య పడుతుంది కాబట్టి నూట పాతిక దాకా వస్తాయి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే ఇష్యూ రిజిస్టర్ మూడు నెలలు చూడు. ఏవి తిరుగుతున్నాయో, ఏవి కదలడంలేదో అదే చెబుతుంది. తర్వాత ఇంకో 15,000. మిగతాది డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి దాచు. అక్కడ తగ్గింపు ఇస్తారు, పైగా మీ పిల్లల్ని తీసుకెళ్లి వాళ్లచేతనే కొన్ని ఏరించవచ్చు. బైండింగుకి కొంచెం ఉంచుకో.

ఇక ఏ రకం పుస్తకాలు కొనాలన్నది. నవలలే ఎక్కువ తిరుగుతాయి, వాటికి మూడో వంతు ఇవ్వు. మీ దగ్గర వరంగల్ వాళ్లున్నారు, కడప వాళ్లున్నారు, శ్రీకాకుళం వాళ్లున్నారు అన్నావు. ప్రతివాళ్లకీ తమ యాసలో ఒక పుస్తకం కనపడాలి. తన ఊరి మాట అచ్చులో చూసుకున్న మనిషి లైబ్రరీని తనదనుకుంటాడు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నిజాం కాలపు తెలంగాణ పల్లెల్ని కళ్లముందు పెడతాయి. చిత్తూరు వైపు వాళ్లకి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు, ఉత్తరాంధ్ర వాళ్లకి రావిశాస్త్రి, కారా మాస్టారు అని పిలుచుకునే కాళీపట్నం రామారావు. నెల్లూరు జిల్లా కావలి వాళ్లెవరైనా ఉంటే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇవ్వు, ఇల్లంతా కూర్చుని చదువుకుంటారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' ఒక కాపీ తప్పకుండా ఉండాలి. దాన్ని ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ సంగతి చెబితే కుర్రాళ్లు చేతిలోకి తీసుకుంటారు.

'కాలాతీత వ్యక్తులు' మాత్రం రెండు కాపీలు కొను. డాక్టర్ పి. శ్రీదేవి రాసింది, 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. అందులో ఇందిర అనే అమ్మాయి మంచిదా, స్వార్థపరురాలా అని మా రీడర్లు బల్ల దగ్గర నిలబడి వాదించుకునేవారు. తల్లీ కూతుళ్లు ఒకే వారంలో చదివి పోట్లాడుకోదగ్గ నవల అది. యద్దనపూడి, యండమూరి, మధుబాబు పుస్తకాలు కొత్తవి కొనక్కర్లేదు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తక్కువలో దొరుకుతాయి. కానీ ఉండాలి. చదవడం మానేసిన పాతికేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టే నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లు ముందుగా అడిగేది అవే.

టైమ్ లేదనేవాళ్లకి కథలు. 1990లో మొదలైన 'కథ' వార్షిక సంకలనాలు ఏవి దొరికినా తీసుకో, ఒక్కో పుస్తకంలో పదిమంది పైన రచయితలు పరిచయమవుతారు. నవ్వుకోవడానికి భానుమతి 'అత్తగారి కథలు', మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం'. అనువాదాల్లో సహవాసి తెలుగు చేసిన 'ఏడుతరాలు' ఒక్కటి పెట్టి చూడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకుపోయిన ఒక కుటుంబం కథ. మా దగ్గర దాన్ని మూడుసార్లు బైండు చేయించాం.

చరిత్ర అంటే తేదీలు, యుద్ధాలు అని పక్కకు జరిగేవాళ్లకి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చూపించు. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అన్నది అందులో ఉంటుంది. తెలుగుకి కేంద్ర సాహిత్య అకాడమీ తొలి అవార్డు, 1955లో, దానికే. ముందు నుంచి చదవమనకు. ఏదో ఒక పేజీ తీసి భోజనాల సంగతి చదివి వినిపించు, మిగతాది పుస్తకమే చూసుకుంటుంది. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' కూడా అంతే. 1830లో మద్రాసులో బయల్దేరి, మన హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్లి మరుసటేడు తిరిగొచ్చాడు. భాష పాతది, ఒంటరిగా చదవడం కష్టం. నలుగురు పెద్దవాళ్లు కూర్చుని రోజుకి రెండు పేజీలు బయటికి చదువుకుంటే దాని రుచి తెలుస్తుంది. ఆత్మకథల్లో శ్రీపాద 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ', తిరుమల రామచంద్ర 'హంపీ నుంచి హరప్పా దాకా' పెట్టు. రిటైరైన మగవాళ్లు ఆత్మకథలు ఆత్రంగా చదువుతారు, ఇది నేను ఏళ్ల తరబడి చూశాను.

కవిత్వం కొంచెం చాలు, కానీ చేతికందే ఎత్తులో. వేమన, జాషువా 'గబ్బిలం', శ్రీశ్రీ 'మహాప్రస్థానం'. భక్తి పుస్తకాలు దానంగా చాలా వస్తాయి, డబ్బు పెట్టకు. ఒక్క పోతన భాగవతం మాత్రం పద్యానికి తాత్పర్యం ఉన్న ప్రతి చూసి తీసుకో. ఖురాన్, బైబిల్ తెలుగులో కావాలని ఎవరైనా అడిగితే అవీ అదే అరలో పెట్టు.

పనికొచ్చే పుస్తకాల్ని చిన్నచూపు చూడకు. నీ లిస్టులో ఒక్క వంటల పుస్తకం లేదు! మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' కోసం మా దగ్గర పండగల ముందు పేర్లు రాసుకుని వరస పెట్టేవాళ్లం. అదే మాలతి గారు 'పాత కెరటాలు'లో ప్రపంచ నవలల్ని పరిచయం చేశారు. వంటల పుస్తకం తిరిగివ్వడానికి వచ్చిన ఆవిడకి ఈ రెండోది చూపిస్తే కాదనలేదు, మేడమ్ మీద అంత నమ్మకం. సైన్సుకి మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఉంటే చాలు, ఇంట్లో మనిషి చెప్పినట్టు చెబుతారు. పోటీ పరీక్షల గైడ్లు మాత్రం కొనొద్దు. ఏడాది తిరిగేసరికి పాతబడిపోతాయి. ఆ పిల్లలకి దినపత్రిక, ఒక బల్ల, రాత్రి పదింటిదాకా లైటు ఇవ్వండి.

ఇప్పుడు పిల్లలు. నాకు అన్నిటికంటే టెన్షన్ వీళ్ల గురించే. మీ అపార్ట్‌మెంట్ పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. పదేళ్ల పిల్లాడికి వయసుకి తగినదని లావుపాటి పుస్తకం ఇస్తే, తను చదవలేకపోతున్నానని నలుగురిలో తెలిసిపోతుంది. ఇక రాడు. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్నవి తెచ్చి, "మీ చెల్లికి చదివి వినిపించు" అని ఇవ్వు. చెల్లి పేరు చెప్పి తను చదువుకుంటాడు. పిల్లల పుస్తకాలు వేసే 'మంచి పుస్తకం' వాళ్లవి, ప్రథమ్ వాళ్లవి, తూలిక వాళ్లవి చూడు. ధర కూడా తక్కువ, ఇరవై ముప్ఫై తీసుకోవచ్చు. ఇంగ్లీషు కథల పుస్తకాలు అడిగితే అవీ పెట్టు, అడ్డు చెప్పకు. కాస్త చదవడం వచ్చినవాళ్లకీ, వాళ్ల అమ్మలకీ 'రైలుబడి'. జపాన్‌లో రైలు పెట్టెల్లో నడిచిన ఒక బడి కథ అది. పిల్లల పుస్తకాలు అన్నిటికంటే కింది అరలో, వెన్ను కాకుండా ముఖచిత్రం కనపడేలా నిలబెట్టు. వాటికి బ్రౌన్ అట్ట వేయొద్దు, పిల్లలు బొమ్మ చూసే తీసుకుంటారు. చింపారని కేకలేయకు, పక్కన టేపు పెట్టుకో.

చూపు తగ్గిన వాళ్ల కోసం కొనేముందు ప్రతి పుస్తకం తెరిచి అక్షరం సైజు చూడు. ఒకే నవలకి రెండు మూడు ప్రచురణలు ఉంటే పెద్ద అచ్చుదే తీసుకో, యాభై రూపాయలు ఎక్కువైనా సరే.

లైబ్రరీ పెట్టారని తెలియగానే అట్టపెట్టెల్లో పుస్తకాలు తెచ్చి పడేస్తారు. పాత టెక్స్టుబుక్కులు, మూడు భాగాల్లో రెండో భాగం ఒక్కటీ, ఏనాటివో మందుల పుస్తకాలు. "చూసి, పనికొచ్చేవి ఉంచుతాం, మిగతావి వేరేవాళ్లకి ఇస్తాం" అని తీసుకునేటప్పుడే చెప్పు. కాలం చెల్లిన వైద్యం పుస్తకం అసలు ఉంచకు, చదివి ఎవరైనా పాటిస్తే ప్రమాదం. ఏడాది పొడుగునా ఎవరూ ముట్టని పుస్తకాన్ని కూడా వెంటనే తీసేయకు. ముందు చోటు మార్చు, కళ్ల ఎత్తున పెట్టు, నువ్వు చదివి ఒకరికి చెప్పు. అప్పటికీ కదలకపోతే దాని పాఠకుడు వేరే ఊళ్లో ఉన్నాడనుకుని మరో లైబ్రరీకి పంపు.

అల్మరా గోడకి ఆనించకు, జానెడు ఎడం ఉంచు, చెమ్మ లాగుతుంది. అరల్లో కలరా ఉండలు వేస్తే పిల్లలకి అందని పై అరల్లోనే వెయ్యి. రెండు అల్మరాలకీ తాళం వేసి, తాళంచెవి సెక్రటరీ గారింట్లో పెడతామన్నావు. వద్దమ్మా. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తాళం తీసి ఉండాలి, ఎవరో ఒకరు కూర్చోవాలి. రిటైరైన ఇద్దరు ఒప్పుకున్నారన్నావుగా, వాళ్లకి చెరో మూడు రోజులు ఇవ్వు.

వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టరు, ఇష్యూ రిజిస్టరు ఎలా గీతలు కొట్టాలో వేరే కాగితం మీద గీసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. నా దగ్గర తేదీ స్టాంపు ఒకటుంది, ఇంకా బాగా పడుతోంది, అది నీకే. వచ్చే శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే అబిడ్స్ వెళ్దాం. గట్టి సంచులు రెండు, అప్పటికి రాసినంత వరకు మనుషుల లిస్టు తెచ్చుకో. నీ 280 పుస్తకాల లిస్టు కూడా తీసుకురా, అందులో ఎవరికేది సరిపోతుందో దార్లో చూద్దాం.

ప్రేమతో,
మీ అత్తయ్య