పెప్టైడ్ పెంచకండి, ముందు కడిగి చూడండి

మీరు అడిగింది ఇది: ఆల్జినేట్‌తో (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పదార్థం) స్పాంజిలాంటి జెల్ చేసి, కణాలు పట్టుకోవడానికి ఆర్‌జీడీ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) తగిలించినా ఫైబ్రోబ్లాస్టులు (చర్మంలాంటి కణజాలాన్ని కట్టే కణాలు) పరుచుకోకుండా గుండ్రంగానే ఉంటున్నాయి, పెప్టైడ్ రెట్టింపు చేయాలా అని. వద్దండి. నేనూ అలాగే చేసి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

భీమవరం దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో నా ఎం.టెక్ ప్రాజెక్టు ఇదే. వానాకాలంలో మా వైపు తేమ సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బా మూత మరిచిపోతే సాయంత్రానికి చెమ్మగిల్లిపోతుంది. పెప్టైడ్‌ని ఆల్జినేట్‌కి కలిపే రసాయనం ఈడీసీ అంతకన్నా సున్నితం. నేనేమో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని చల్లగా ఉండగానే తెరిచేదాన్ని. పొడి ముద్దకట్టినా పట్టించుకోలేదు. నీళ్లు తగిలి పాడైన ఈడీసీతో పెప్టైడ్ జెల్‌కి అతుక్కోలేదు, ఊరికే రంధ్రాల్లో ఉండిపోయింది.

దాంతో డోసు పెంచాను. ఇంకా అధ్వాన్నం! ఆర్‌జీడీ అనేది ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌లో కణం పట్టుకునే చోటు. 1984లో పియర్స్‌బాకర్, రుయోస్లాహ్టి గుర్తించారు. కణం తన పైపొర మీద ఉండే ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లతో దాన్ని పట్టుకుంటుంది. కోటిపల్లి రేవులో గుంజ గట్టున పాతి ఉంటేనే పడవ ఆగుతుంది. అదే గుంజని పీకి పడవలో పడేసి, తాడు దానికే చుడితే? విడిగా తేలే పెప్టైడ్ చేసేది అదే. ఇంటెగ్రిన్లను తనే ఆక్రమించేస్తుంది, జెల్‌ని పట్టుకోవడానికి ఖాళీ ఉండదు.

కాబట్టి ముందు కడగండి. జెల్ చేయకముందే ఆల్జినేట్‌కి తగిలిస్తే డయాలిసిస్ చేయాలి, అంటే సన్నని రంధ్రాల సంచిలో పోసి చిన్న అణువుల్ని బయటికి పోనివ్వాలి. ఆర్‌జీడీ ఉన్న జీఆర్‌జీడీఎస్‌పీ పెప్టైడ్ బరువు 590 డాల్టన్ల లోపే, 3,500 డాల్టన్ల కటాఫ్ సంచిలోంచి సులువుగా బయటికి పోతుంది. తయారైన స్పాంజి అయితే రెండు మూడు రోజులు కడిగే ద్రవం మారుస్తూ ఉండాలి. కానీ ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రవం) నానబెట్టకండి, జెల్‌ని పట్టి ఉంచే కాల్షియం లాగేసి మెత్తబరుస్తుంది. కడిగే ద్రవంలో కొంచెం కాల్షియం క్లోరైడ్ ఉంచండి.

ఈడీసీ చర్యకి నేను వాడింది ఎమ్‌ఈఎస్ బఫర్, పీహెచ్ 6.5. ట్రిస్, గ్లైసీన్ వద్దు, వాటి అమైన్లే పెప్టైడ్‌కి పోటీగా నిలబడతాయి. ఈడీసీని చిన్న చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టుకుని, గది వేడికి వచ్చాకే తెరవండి.

అతుక్కుందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఆల్జినేట్‌లో నైట్రోజన్ లేదు. నైట్రోజన్ కొలిపిస్తే తెలిసిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉందండి: ఈడీసీ అవశేషంలో కూడా నైట్రోజన్ ఉంటుంది. అందుకని పెప్టైడ్ లేకుండా ఈడీసీ మాత్రం వేసిన జెల్‌ని కూడా పక్కన పంపండి. మా ల్యాబ్‌లో ఆ మిషన్ లేక వేరే ఊరు పంపాల్సి వచ్చింది, ఫలితం వచ్చేదాకా ఒకటే టెన్షన్.

కంట్రోల్‌గా ఆర్‌జీఈ తగిలించిన జెల్ తప్పక పెట్టండి. ఆర్‌జీడీకి దానికి ఒక్క అమైనో ఆమ్లమే తేడా, దానిమీద కణాలు పరుచుకోకూడదు. రెండింటి మీదా పరుచుకుంటే అది మీడియంలో కలిపే సీరంలోని (రక్తపు ద్రవభాగం) ప్రోటీన్ల పని కావచ్చు.

మీ స్పాంజి మందం ఎంత? కణాలు వేసేటప్పుడు మీడియంలో సీరం ఉందా? ఆ రెండూ రాయండి, లోపలిదాకా పెప్టైడ్ చేరిందో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.